నడుముకి కూడా బరువు అలవాటు చేయండి

[జిమ్‌లో, రోమన్ చెయిర్ పక్కన నిలబడి]

ఛాతీకి ఒక రోజు, కాళ్ళకి ఒక రోజు, బైసెప్స్‌కి కూడా విడిగా ఒక రోజు పెట్టుకునేవాళ్ళు నడుము దగ్గరికి వచ్చేసరికి "అమ్మో, వద్దన్నా, పట్టేస్తుంది" అని వదిలేస్తారు. వెన్నుపూసకి రెండు పక్కలా తాళ్ళలా దిగే ఎరెక్టర్ స్పైనే, వాటి లోపల పూసని పూసకి పట్టి ఉంచే మల్టిఫిడస్... ఇవీ కండరాలేనండీ. కొంచెం కొంచెంగా బరువు పెంచితే బలపడతాయి, నెలల తరబడి పని చెప్పకుండా వదిలేస్తే నీరసపడతాయి.

"నాకు ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ వచ్చింది కదా" అని, అంటే పూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ కొంచెం బయటికి ఉబ్బిందని చాలామంది భయపడుతుంటారు. నొప్పి అస్సలు లేనివాళ్ళ స్కాన్‌లన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ళ వాళ్ళలోనే సుమారు 30 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి బల్జ్ కనిపించింది. కాబట్టి రిపోర్టులో ఆ మాట కనిపించగానే ఇక జీవితంలో బరువు ఎత్తకూడదని తేల్చేసుకోకండి.

[బల్ల మీద బోర్లా పడుకుని చూపిస్తూ]

మీ నడుముకి ఓపిక ఎంతుందో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, సోరెన్సెన్ టెస్ట్ అంటారు. తుంటి వరకు బల్ల మీద, పైభాగమంతా అంచు దాటి గాల్లో, కాళ్ళు ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి, చేతులు ఛాతీ మీద. ఒళ్ళు నేలకి సమాంతరంగా ఎంతసేపు నిలపగలరు? డెన్మార్క్‌లో చేసి 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా తక్కువసేపు నిలిపిన మగవాళ్ళకి తర్వాతి ఏడాదిలో నడుం నొప్పి ఎక్కువగా వచ్చింది. నాకు ఇందులో నచ్చేది ఇదే, ఎంత బరువు ఎత్తారన్నది కాదు, ఎంతసేపు అలిసిపోకుండా ఉన్నారన్నది లెక్క. ఇప్పటికే నొప్పితో ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు.

[చాప మీద]

మొదలు ఇక్కడినుంచి: బర్డ్ డాగ్, అంటే చేతులు మోకాళ్ళ మీద ఉండి ఒక చేతిని, దానికి ఎదురు వైపు కాలిని నిటారుగా చాపడం; సైడ్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు తిన్నగా లేపి ఉంచడం. కెనడాలో వెన్నెముక మీద ఏళ్ళ తరబడి పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే పద్ధతిలో ఒక్కోసారి ఓ 10 సెకన్లు పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. ఇవి తేలికైపోయాక రోమన్ చెయిర్ మీద, అంటే తుంటి ఆనించి కాళ్ళు ఇరికించే జిమ్ బల్ల మీద, పైభాగాన్ని కిందికి వంచి లేపే బ్యాక్ ఎక్స్‌టెన్షన్, ముందు ఏ బరువూ లేకుండా, మెల్లగా దిగుతూ మెల్లగా లేస్తూ. 15 సార్లు హాయిగా వస్తుంటేనే ఛాతీకి ఓ 2.5 కిలోల ప్లేటు ఆనించుకోండి. వారానికి రెండుసార్లు చాలు.

ఆ తర్వాత రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, అంటే చేతుల్లో బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం, అసలు రోజూ పనికొచ్చేది ఇది. ముందు బరువు లేకుండా, గోడ వైపు వీపు తిప్పి, ఒక అడుగు దూరంలో నిలబడి, మోకాళ్ళు కొంచెం మడిచి పిరుదులతో గోడని తాకండి, నడుము వంగకుండా తుంటి దగ్గర వంగడం ఇలాగే వస్తుంది. ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్ చూడండి, గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు కలిపితే 30 కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఏ తయారీ లేకుండా ఒక్కసారిగా వంగి లేపే బదులు, జిమ్‌లో 10 కిలోలతో మొదలుపెట్టి నెలల్లో 30కి, 40కి వెళ్ళినవాళ్ళకి అది మామూలు పనైపోతుంది.

ఇంకో సంగతి, రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో బాగా వంగే ఎక్సర్‌సైజులు పెట్టుకోకండి.

[కెమెరా దగ్గరికి వచ్చి]

కాలు బలహీనపడటం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా అసలు రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఈ వీడియో ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా కూడా ముందు డాక్టర్, తర్వాతే జిమ్.