కామ్ షాన్ వెళ్ళే ముందు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం కామ్ షాన్ పార్కులో నడకకి పేర్లిచ్చినవాళ్ళలో చాలామంది ఈ మధ్యే హాంకాంగ్ వచ్చారు, వాళ్ళకి ఈ ఊరంటే ఎంటీఆర్ మెట్రో రైలు, మాల్స్, నలభయ్యో అంతస్తులో ఫ్లాటు, అంతే. కానీ ఇక్కడి నేలలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కుల కిందే, అంటే చట్టం కాపాడే కొండలూ అడవుల కిందే ఉందంటే నమ్మబుద్ధి కాదు కదా!

ఇంత ఖరీదైన చోట ఇంత అడవిని ఎలా వదిలేశారు? ముఖ్యంగా నీళ్ళ కోసం. కొండ మీద పడ్డ వాన రిజర్వాయర్‌లోకి శుభ్రంగా చేరాలంటే మట్టి కొట్టుకుపోకూడదు, అది నిలవాలంటే చెట్లుండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్ ఆక్రమణ కాలంలో, పొయ్యిలోకి కట్టెల కోసం నరికేసి కొండల్ని బోడి చేసేశారు, తర్వాత మళ్ళీ నాటుకుంటూ వచ్చారు. 1963లో వానలు ముఖం చాటేస్తే నాలుగు రోజులకోసారి, అదీ నాలుగు గంటలు మాత్రమే నీళ్ళు వదిలారు. 1976లో కంట్రీ పార్కుల చట్టం వచ్చింది, 1977లో మొదట ప్రకటించిన మూడు పార్కుల్లో మనం వెళ్ళే కామ్ షాన్ ఒకటి, పక్కనున్న షింగ్ మున్ ఇంకోటి, మూడోది లయన్ రాక్. ఇప్పుడు మొత్తం 25 ఉన్నాయి.

కామ్ షాన్ అంటే ఇక్కడివాళ్ళకి కోతుల కొండ. కౌలూన్ రిజర్వాయర్ 1910లో కట్టాక, ఆ చుట్టుపక్కల మన ముష్టి చెట్టుకి దగ్గరి చుట్టమైన విషపు తీగలు ఉండేవట, వాటి కాయలు తినేస్తాయని కోతుల్ని తెచ్చి వదిలారని చెబుతారు. ఇప్పుడున్నవి ఎక్కువగా రీసస్ జాతి కోతులూ, వేరే జాతి కోతులతో కలిసి వాటికి పుట్టిన సంకర సంతానమూ.

అసలు నేను మైకు పట్టుకున్నది ఈ కోతుల గురించే. మనవాళ్ళలో ఒక అలవాటుంది, కోతి కనిపిస్తే అరటిపండో, బఠాణీలో చేతిలో పెట్టడం. ఆంజనేయస్వామి అనుకుని పెడతాం, పుణ్యం అనుకుంటాం, పిల్లలు కేరింతలు కొడతారు, ఫోటో వస్తుంది. దయచేసి ఇక్కడ అది వద్దు. ఈ పార్కుల్లో 1999 నుంచే నిషేధం ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి శిక్ష పెంచారు: అక్కడికక్కడే 5,000 హాంకాంగ్ డాలర్ల జరిమానా వేయొచ్చు, కేసు కోర్టు దాకా వెళితే లక్ష వరకు జరిమానా, ఏడాది వరకు జైలు.

జరిమానా సంగతి అలా ఉంచండి, పెట్టడం వల్ల వాటికే నష్టం. అడవిలో ఆకులూ కాయలూ ఏరుకుంటూ రోజంతా తిరగాల్సిన జంతువు రోడ్డు పక్క గోడ మీద కూర్చుని మీ చేతిలో ప్లాస్టిక్ కవరు కోసం ఎదురుచూస్తుంది. కవరంటే తిండి అని దానికి బాగా తెలుసు, లోపల ఉన్నవి మీ మందుబిళ్ళలా, బిస్కెట్లా అని చూడదు, లాక్కుపోయాకే చూసుకుంటుంది. కాబట్టి చేతిలో కవర్లు వద్దు, ఏదున్నా జిప్పు వేసిన బ్యాగులోనే. కళ్ళలోకి గుచ్చి చూడకండి, అది సవాలు అనుకుంటుంది. పిల్లతల్లికి దారి వదిలేయండి. కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే నీళ్ళతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, "చిన్నదేలే" అనొద్దు. కోతుల నుంచి వచ్చే బి వైరస్ 2024లో హాంకాంగ్‌లో మొదటిసారి ఒక మనిషిలో బయటపడింది, ఆయనకి కోతుల వల్ల గాయమైంది ఈ కామ్ షాన్‌లోనే.

ఇదంతా విని టెన్షన్ పడి మానేయకండి. ఏమీ పెట్టకుండా, కాస్త దూరంగా, కదలకుండా నిలబడి చూస్తే కోతి అంత సరదా జంతువు లేదు. దొరికిన కాయల్ని నమలకుండా బుగ్గల సంచుల్లో కుక్కేస్తుంది, ముఖం రెండింతలవుతుంది, పెద్ద కోతి పక్క నుంచి పోయాక కొమ్మెక్కి, ముంజేత్తో బుగ్గని వెనక నుంచి నొక్కుకుంటూ ఒక్కొక్కటే నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా తింటుంది. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, పిల్లలకి అవి ఇస్తే ఫోన్ అడగరు.

అడవిపందులూ కనిపించొచ్చు. వాటికీ ఏమీ పెట్టొద్దు, దగ్గరికీ వెళ్ళొద్దు. పాములుంటాయి, అడుగు పెట్టే చోటు చూసుకుని దారి మీదే నడిస్తే వాటితో మనకి పని పడదు.

ఇంకో సంగతి, ట్రైల్స్ మీద చెత్తడబ్బాలుండవు, 2017 చివరికల్లా తీసేశారు. తొక్కలతో సహా ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకురావాలి. దారి తప్పితే కంగారు పడకండి. ఇక్కడి మెక్లహోస్ ట్రైల్ అనే నడకదారి మీద ప్రతి 500 మీటర్లకీ నంబరున్న గుంజ ఉంటుంది, అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి గుంజ మీది నంబరు చెబితే చాలు. ముందు రోజు రాత్రి ఇక్కడి వాతావరణ శాఖ అయిన అబ్జర్వేటరీ యాప్ చూడండి, ఉరుముల హెచ్చరిక ఉంటే నడక వాయిదా.

81 నంబరు బస్సెక్కి షెక్ లీ పుయ్ రిజర్వాయర్ స్టాపులో దిగండి. నీళ్ళ సీసాలు బస్సెక్కే ముందే నింపుకోండి, టిఫిన్ ఇంట్లోనే తినేసి రండి.