ఏ కొత్తపల్లి?

సభాధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, గ్రంథాలయ వారోత్సవాలకు విచ్చేసిన పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారాలు. మారిషస్ దేశపు భూగోళం, ప్రజలు, చరిత్ర గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. కాకినాడలో నిలబడి ఆ దీవి మాట ఎత్తితే పక్కనే ఉన్న కోరంగి మాట ఎత్తక తప్పదు. తెలుగు కూలీలు తొలినాళ్లలో ఓడలెక్కిన రేవుల్లో అదొకటి; 1839 నాటి తుపానులో దెబ్బతిని మళ్లీ పూర్వపు దశకు రాలేకపోయింది.

మారిషస్ మడగాస్కర్‌కు తూర్పున, అగ్నిపర్వతాల లావా గడ్డకట్టగా ఏర్పడిన దీవి. రోడ్రిగ్స్ తదితర దీవులతో కలిపి దేశం వైశాల్యం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అత్యున్నత శిఖరం ఎత్తు 828 మీటర్లు. ఆ లావా వల్ల నేలంతా నల్లరాయి. చెరకు నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. అలా ఏరిన రాళ్లను పేర్చిన గుట్టలు చెరకు తోటల మధ్య ఈనాటికీ నిలిచి ఉన్నాయి. నేను అక్కడికి వెళ్లినప్పుడు ఒక గుట్ట పక్కన నిలబడితే అది నా తలకంటే ఎత్తుగా ఉంది. అడుగున ఇద్దరు పడితే గాని కదలని బండలు, పైకి పోయేకొద్దీ పిడికిట్లో ఇమిడే రాళ్లు, వాటి సందుల్లో మొలిచిన గడ్డి. చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఆ దీవికి మూలవాసులు లేరు. డచ్చివారు 1638లో స్థిరపడి 1710లో వదిలిపోయారు. ఎగరలేని డోడో పక్షి అంతరించింది ఆ 17వ శతాబ్దంలోనే. 1715లో ఫ్రెంచివారు వచ్చి ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల చేత పని చేయించారు. 1810లో ఆంగ్లేయులు ఆక్రమించుకున్నారు. 1835లో బానిసత్వం రద్దవడంతో, తోటల యజమానులు అప్పటికే ఏడాది ముందు మొదలైన ఒప్పంద కూలీల పద్ధతికి పూర్తిగా మళ్లారు. సుమారు 4.5 లక్షల మంది భారతీయులు ఆ దీవిలో దిగారు. భోజ్‌పురీ మాట్లాడేవారు ఎక్కువ. తమిళులు, తెలుగువారు, మరాఠీలు కూడా వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం, మగవారికి నెలకు ఐదు రూపాయల జీతం. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఈ సంగతి విద్యార్థులు మరచిపోకూడదు గనుక మళ్లీ చెబుతున్నాను: ఒక్కరోజు జ్వరంతో పడుకుంటే రెండు రోజుల కూలి పోయేది.

రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆ కూలీలు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అక్కడ రాతి మెట్లు 16 ఉన్నాయి. దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య వేసి, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీద గుర్తులు రిజిస్టర్లలో రాశారు. అవి నేటికీ అక్కడి మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

స్వతంత్ర మారిషస్ చరిత్ర కూడా చెప్పాలని రాసుకొచ్చాను. 1968 మార్చి 12న, దండి యాత్ర మొదలైన తేదీనే ఎంచుకుని వారు స్వాతంత్ర్యం పొందారు. మిగిలినదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో దొరకని ఒక సంగతి చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను.

కొన్నేళ్ల క్రితం ఆ దీవి నుంచి డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఇంట్లో ఆయన మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన ఆ దీవి వాడుక భాష. తెలుగు బడిలో నేర్చుకున్నది. అయినా రామభజన కీర్తనలు అక్షరం తప్పకుండా పాడారు, సింహాద్రి అప్పన్న పేరు చెప్పగానే చేతులు జోడించారు. ఆయన దగ్గర ముత్తాత రిజిస్టరు నకలు ఉంది: విశాఖపట్నం జిల్లా, ఊరు కొత్తపల్లి, ఎడమ మోకాలిపై మచ్చ. ఆనాటి విశాఖపట్నం జిల్లా ఇప్పుడు ఎన్ని జిల్లాలైందో, అందులో ఎన్ని కొత్తపల్లులున్నాయో మీకు తెలుసు. ఇద్దరం కలిసి ఒక కార్యాలయానికి వెళ్లాం. సర్వే నంబరు లేనిదే పాత దస్త్రం తీయడం కుదరదన్నారు. ఓడెక్కిన కూలీకి సర్వే నంబరు ఎక్కడిది? మూడు రోజులు తిరిగి, నాలుగు కొత్తపల్లులు చూసి, ఏ ఊరి నేలకు మొక్కాలో తెలియక ఆయన వెనక్కి వెళ్లిపోయారు.

అయ్యా, అమ్మా, ఉగాదికి దేశమంతటా సెలవిచ్చే దీవి అది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. వేదికల మీద వారిని అన్నదమ్ములంటాం, శాలువాలు కప్పుతాం. ఊరు వెతుక్కుంటూ వచ్చినవారికి చూపడానికి మాత్రం మన దగ్గర ఒక పట్టిక లేదు. వారు రాసినవి వారు దాచుకున్నారు. మన వైపు నుంచి ఎవరు వెళ్లారో మనం రాసుకోలేదు. మీ ఇళ్లలో "దీవులకు పోయి తిరిగి రాలేదు" అని ఏ ముసలమ్మ అయినా ఎవరి గురించైనా చెప్పి ఉంటే, ఆ పేరు, ఇంటిపేరు, ఊరు ఒక కాగితం మీద రాసి ఈ గ్రంథాలయంలో ఇవ్వండి. దానికొక పుస్తకం తెరుస్తామని కార్యదర్శిగారు ఇప్పుడే ఒప్పుకున్నారు.

ఆ పెద్దాయన ఇచ్చి వెళ్లిన నకలు ఈ బల్ల మీద పెడుతున్నాను. మీలో కొత్తపల్లివారు ఎవరైనా ఉంటే, ఏ కొత్తపల్లి అయినా సరే, వెళ్లేముందు ఒకసారి వచ్చి చూడండి.