ముసలాళ్ళకో పార్టీ, మా అమ్మకో క్యాలెండరు

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఈ చప్పుడు గుర్తుపట్టారా? గోదావరి దాటించే పంటు పడవ ఇంజను అండి. నరసాపురం రేవులో ఎక్కాం, అవతల సఖినేటిపల్లి రేవు, మధ్యలో వశిష్ఠ గోదావరి. బైకులు, ఒక ఆటో, ఎవరిదో కోళ్ళ గంప, మా రెండు సూట్‌కేసులు, అన్నీ ఒకే పంటు మీద. గాలికి మాట వినపడదని ఇంటికొచ్చాక వాయిస్ ఇస్తున్నాను. మధ్యలో మిక్సీ మోత వస్తే ఏమీ అనుకోకండి, అమ్మ కొబ్బరి పచ్చడి చేస్తోంది.

నిజానికి ఈసారి పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, అదే పొట్టిక్కలు చూపిద్దామని వచ్చాను. ఆ వీడియో కూడా వస్తుంది లెండి. ఇవాళ మాత్రం పింఛన్ల రోజు కబుర్లు చెప్తాను.

2025 డిసెంబర్ ఒకటో తారీఖు, సోమవారం. ఇంకా తెల్లగా తెల్లారలేదు. పక్కింటి మామ్మ అప్పటికే తలదువ్వుకుని మా అరుగు మీద కూర్చుంది. ఆవిడ ఇంటికి నెట్‌వర్క్ సరిగా రాదు, మా అరుగు మీద వస్తుంది. అందుకని పింఛను ఇచ్చే అమ్మాయి ప్రతి నెలా మామ్మని ఇక్కడికే రమ్మంటుందట. 4000 రూపాయలు. 2024 జులైలో 3000 నుంచి పెంచారు కదా, ఆ నెల పాత మూడు నెలల తేడాతో కలిపి 7000 వచ్చాయని మామ్మ ఇప్పటికీ పండగలా చెప్పుకుంటుంది.

మిషన్ మీద బొటనవేలు పెట్టమంది ఆ అమ్మాయి. పడలేదు. చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడమ చెయ్యి, ఏదీ పడలేదు. నేను దగ్గరికెళ్ళి చూశాను. మామ్మ నలభై ఏళ్ళు కొబ్బరి తాడు పేనింది అండి. వేళ్ళ మీద గీతలన్నవే లేవు, కడిగి కడిగి అరిగిపోయిన సబ్బు బిళ్ళలా నున్నగా ఉన్నాయి. చివరికి ముఖం ఫొటో తీస్తానంది ఆ అమ్మాయి. వెంటనే మామ్మ నా వైపు తిరిగి, "బొట్టు తిన్నగా ఉందా అమ్మాయ్?" అంది. ఫొటో పడింది, డబ్బులు చేతికొచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టి రవికలో పెట్టుకుంది.

సరే, ఈ గొడవంతా చూస్తూ నేను ఊరుకోకుండా, "మా దేశంలో అయితే ముసలాళ్ళకి ఏకంగా ఒక పార్టీయే ఉంది మామ్మా" అన్నాను. మా దేశం అన్నందుకు అమ్మ వంటింట్లోంచి ఒక చూపు చూసింది. మేముండేది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో అని పాత వీడియోలు చూసినవాళ్ళకి తెలుసు. ఆ పార్టీ పేరు 50ప్లస్. "యాభైకే ముసలాళ్ళా? యాభైలో నేను ఇద్దరు కూతుళ్ళకి పురుళ్ళు పోశాను" అని మామ్మ ఒకటే నవ్వు.

ఈలోగా ఎదురింటి మాస్టారు పేపరు మడిచి వచ్చేశారు. రిటైరైన టీచరు, రాజకీయం అంటే చెవి కోసుకుంటారు.

"ఎన్ని సీట్లమ్మా వాళ్ళకి?"

"రెండండి."

"ఎన్నిట్లో?"

"నూట యాభైలో."

"రెండు సీట్లతో ఏం చేస్తారు, పేకాటకి కూడా నలుగురు కావాలి కదా?"

గోదావరి జిల్లా అంటే ఇదే అండి, వెటకారం లేకుండా ఒక్క ప్రశ్న కూడా రాదు. అక్కడ దేశమంతా ఒకే నియోజకవర్గం లాంటిదని, మొత్తం ఓట్లలో 0.67 శాతం వస్తే చాలు ఒక సీటు వచ్చేస్తుందని చెప్పాను. అందుకే అక్కడ చిన్న చిన్న పార్టీలు బతుకుతాయి. జంతువుల కోసం కూడా ఒక పార్టీ ఉంది, దానికీ సీట్లున్నాయి. ఆ మాటకి మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు.

ఈ 50ప్లస్ కథ మాత్రం సీరియల్ కంటే ఎక్కువ మలుపులు తిరిగింది. 2009లో యాన్ నాఖెల్ అనే పాత రాజకీయ నాయకుడు పెట్టాడు. 2012లో రెండు సీట్లు, 2017లో నాలుగు. 2021లో ఒక్కటే వచ్చింది, గెలిచిన ఆ ఒక్కావిడ కొన్ని వారాలకే పార్టీ వదిలేసి సీటు మాత్రం ఉంచుకుంది. 2023లో సున్నా. ఇప్పుడు 2025 అక్టోబర్‌లో మళ్ళీ రెండు. మధ్యలో ఇంకో ముచ్చట, 2013లో అప్పటి నాయకుడు హెంక్ క్రోల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఎందుకో తెలుసా? అంతకుముందు ఆయన నడిపిన పత్రికలో ఉద్యోగుల పింఛను వాటా కట్టలేదని పేపర్లో వచ్చింది! పింఛన్ల కోసం పుట్టిన పార్టీలో పింఛను గొడవ. తర్వాతి ఏడాది ఆయన మళ్ళీ వచ్చేశాడు కూడా. "అచ్చం మనలాగే ఉన్నారే" అని మాస్టారు చాలా సంతోషపడ్డారు.

అసలు అక్కడ పెద్దవాళ్ళకి పార్టీ పెట్టాల్సిన అవసరమేంటంటే, పింఛను వయసు. అక్కడ ఏఓడబ్ల్యూ అని ప్రభుత్వ పింఛను ఉంది, 1957 నుంచి ఇస్తున్నారు. పేదవాళ్ళకే అని కాదు, దేశంలో ఉన్న అందరికీ. మొదట్నుంచీ 65 ఏళ్ళకి వచ్చేది. 2013 నుంచి నెలలు నెలలుగా జరుపుతూ 2024కి 67 చేశారు, 2028లో ఇంకో మూడు నెలలు జరుగుతుంది. మళ్ళీ 65కి తీసుకురావాలని 50ప్లస్ వాళ్ళు ఎన్నికలకి వెళ్ళారు. తేలేకపోయారు. కానీ పింఛను కోస్తే పెద్దవాళ్ళు ఊరుకోరన్న భయం మాత్రం మిగతా పార్టీలకి ఎప్పట్నుంచో ఉంది. 1994లో ఇలాగే పింఛన్లు పెంచకుండా ఆపేద్దామన్న మాట వస్తే, ముసలివాళ్ళ పార్టీలు రెండు కలిపి ఏడు సీట్లు పట్టుకుపోయాయి. నాలుగేళ్ళలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని మాయమయ్యాయి, అది వేరే సంగతి.

"మనకి అలాంటి పార్టీ అక్కర్లేదమ్మా" అన్నారు మాస్టారు. "ఇక్కడ అన్ని పార్టీల్లోనూ ఉన్నది ముసలాళ్ళే." అందరూ నవ్వారు. తర్వాత ఆయనే, పింఛను పెంచుతామనకుండా ఇక్కడ ఎవడూ ఓటు అడగలేడు అన్నారు. అదీ నిజమే. కేంద్రం పథకం కింద వచ్చే వాటా అయితే ఏళ్ళ తరబడి 200 దగ్గరే ఉంది, 80 దాటితే 500. పైన కలిపేదంతా రాష్ట్రమే. ఈ వేలంపాట అంతా రాష్ట్రం ఎన్నికల్లోనే.

మామ్మ మాత్రం ఇదంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఆ పార్టీ వాళ్ళు కూడా ఆస్పత్రికి వస్తారా?"

నాకు అర్థం కాలేదు. "అంటే మామ్మా?"

"మొన్న కంటి ఆపరేషనుకి తోడు ఎవరైనా ఉంటేనే చేస్తామన్నారు. మీ అమ్మే వచ్చింది నాతో."

మా అమ్మకి 71. మామ్మకి 78. ఒకళ్ళకొకళ్ళు తోడు. ఈ సంగతి నాకు అమ్మ ఫోన్లో చెప్పనే లేదు.

ఆ పూట మాస్టారు చట్టం గురించి కూడా చెప్పారు. 2007లో వచ్చిందట, పిల్లలు చూడకపోతే తల్లిదండ్రులు కేసు పెట్టొచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకి 10 వేల వరకు ఇప్పిస్తారు. ఆస్తి రాయించుకుని వదిలేస్తే ఆ రిజిస్ట్రేషన్ కూడా రద్దు చేయించొచ్చు. అమ్మ కాఫీ గ్లాసులు తెచ్చి పెడుతూ, "డబ్బు పంపించి మనిషి రాని పిల్లల మీద ఏ సెక్షనండీ మాస్టారూ?" అంది. నవ్వుతూనే అంది లెండి. మా అన్నయ్య టెక్సాస్, నేను రోటర్‌డామ్. మాకు పొలం ఎక్కువ కాబట్టి అమ్మకి పింఛను రాదు, దానికోసం ఆవిడ అడగదు కూడా.

మీకో లెక్క చెప్తాను. ఏఓడబ్ల్యూ కింద ఆ దేశంలో ఉన్న ప్రతి ఏడాదికీ 2 శాతం చొప్పున నా పేరు మీద పడుతుంది. 50 ఏళ్ళు ఉంటే నూరు శాతం. నేను వెళ్ళి తొమ్మిదేళ్ళు, అంటే 18 శాతం నా ముసలితనం అక్కడ జమ అయిపోయింది. అమ్మ అరవై రెండు నుంచి డెబ్భై ఒకటి అయిన తొమ్మిదేళ్ళు కూడా అవే. ఈ లెక్క నేను ఇంతకుముందు ఎప్పుడూ ఇలా వేసుకోలేదు. పంటు మీద కూర్చుని వేసుకున్నాను, ఎందుకు వేసుకున్నానా అనిపించింది.

అక్టోబర్ 28 రాత్రి గుర్తుందా? మోంథా తుఫాను తీరం దాటింది మా నరసాపురం పక్కనే. సాయంత్రం అమ్మ ఫోన్ పోయింది. మామ్మ ఫోనూ లేదు, మాస్టారిదీ లేదు. నిద్ర లేదు, టీవీ ఛానళ్ళ యూట్యూబ్ లైవ్‌లు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. మర్నాడు నెదర్లాండ్స్‌లో పోలింగు. రోటర్‌డామ్‌లో మా పక్కింటి పెద్దావిడ, 83 ఏళ్ళు, చక్రాల చేతిబండి తోసుకుంటూ ఓటేసి వస్తూ మెట్ల దగ్గర నన్ను చూసి, మీ అమ్మగారు దొరికారా అని అడిగింది. దొరకలేదన్నాను. ఆవిడ పైకి వెళ్ళి ఆపిల్ కేకు ముక్క పట్టుకొచ్చింది. వాళ్ళ అబ్బాయి ఆదివారం ఆదివారం వస్తాడు, ఇరవై నిమిషాల దారి. మధ్యాహ్నం దాటాక అమ్మ ఫోన్ కలిసింది. "కొబ్బరిచెట్లు రెండు పోయాయే, వంటింటి పెంకులు లేచిపోయాయి, నేను బానే ఉన్నాను, నువ్వు తిన్నావా?"

అన్నట్టు నాకు ఆ దేశం పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదండి, పౌరసత్వం తీసుకోలేదు. ఇక్కడేమో ఓటు నమోదు చేయించుకోవచ్చు గానీ స్వయంగా వచ్చి వేయాలి. 2024లో రాలేదు. ఈ మాటంటే మాస్టారు, "అయితే ఇంతసేపూ ఏ దేశం రాజకీయం చెప్పావమ్మా మాకు?" అన్నారు.

సాయంత్రం వంటింటి కొత్త పెంకులు షూట్ చేద్దామని లోపలికెళ్ళాను. గోడ మీద తెలుగు క్యాలెండరు. దాని అంచున నీలం ఇంకుతో వరసగా నంబర్లు. తుఫాను తర్వాత రాసిందట. మొదటిది ఆటో అబ్బాయి. తర్వాత లైన్‌మన్, ఆర్ఎంపీ డాక్టరు, మాస్టారు, మామ్మ మనవడు. ఆరోది అన్నయ్య, ఏడోది నేను. నా పేరు పక్కన "రాత్రి పది దాటాక వద్దు, ఆఫీసు" అని ఉంది. టైము తేడా అటు ఇటు చేసుకుంది పాపం.

"నేనేంటమ్మా ఆఖర్న?" అన్నాను.

"వరసగా చెయ్యాలి కదా. పైవాళ్ళు పది నిమిషాల్లో వస్తారు" అంది, కరివేపాకు దూస్తూ.

ఫోన్ దగ్గరగా పెట్టి ఆ క్యాలెండరు తీస్తుంటే, ఊరోళ్ళ నంబర్లు అందరికీ చూపిస్తావా అని చెయ్యి అడ్డం పెట్టేసింది. అందుకే మీకు అక్కడ అమ్మ చెయ్యి, నాలుగు గాజులు మాత్రమే కనపడుతున్నాయి.