నవోదయ పరీక్షలో సగం మార్కులు బొమ్మలవే

నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష అనగానే ఎక్కాలు, భిన్నాలు, వడ్డీ లెక్కలు... పిల్లల చేత రోజంతా ఇవే చేయిస్తున్నారు. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. 100 మార్కుల్లో లెక్కలకు 25, భాషకు 25. మిగతా 50 మెంటల్ ఎబిలిటీవి, అంటే బొమ్మలవి! పైగా ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరు.

"బొమ్మలు మావాడికి తట్టవండీ" అంటారు. తట్టడం కాదు, చేత్తో నేర్పాలి.

(చదరపు కాగితం చూపిస్తూ) మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుందని పరీక్షలో అడుగుతారు. ఇదిగో, సగానికి మడిచాను. మడతకు దగ్గరగా ఒక చిల్లు పెట్టాను. విప్పకముందే పిల్లల్ని అడగండి: చిల్లులు ఎన్ని, ఎక్కడ? రెండని ఠక్కున చెప్తారు. తప్పేది చోటు దగ్గర. రెండో చిల్లును అవతలి అంచు పక్కన గీస్తారు. మడతకు ఇటు ఎంత దూరమో అటూ అంతే దూరం. గీయించాకే విప్పి చూపించండి.

ఇప్పుడు రెండు మడతలు. చివర వేసిన మడత ముందు విప్పాలి: రెండు, తర్వాత నాలుగు. మళ్లీ ఒక్క మడతే వేసి, మడత అంచు మీదే అర్ధచంద్రంలా కత్తిరిస్తే? విప్పితే ఒకటే గుండ్రటి చిల్లు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

ఈ కాగితాన్నే వదలకండి. అద్దం ప్రశ్నల్లో ఆ మడత గీతే అద్దం. కుడిపక్క నిలువు అద్దం పెడితే కుడి ఎడమలు మారతాయి, పైకిందులు మారవు. అదే కాగితాన్ని రెండు ముక్కలు చేసి, తిప్పి తిప్పి మళ్లీ చదరంగా పేర్పించండి. బొమ్మ పూర్తిచేసే ప్రశ్నలకు అదే సాధన. నా మాట వినండి, గైడు కొనకముందు పది కాగితాలు మడిపించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 80 ప్రశ్నలకు రెండు గంటలు, ఒక్కోదానికి నిమిషంన్నర. ఇంట్లో గడియారం పెట్టి మొత్తం పేపరు రాయించండి. భాషలో నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. జవాబు పేరాలో ఉన్నదే కావాలి, పిల్లలకు ముందే తెలిసింది కాదు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలొద్దు. ఓఎమ్మార్ షీటు, అంటే జవాబుల గడులు దిద్దే కాగితం మీద పెన్నుతో దిద్దాక మార్చడానికి లేదు. ఒక ప్రశ్న దాటేసి, షీటు మీద ఆ వరుస దాటడం మరిచిపోతే కింద జవాబులన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి. అందుకే ప్రతి ఐదు ప్రశ్నలకోసారి నంబరు సరిచూసుకోవడం ఇంటి దగ్గరే అలవాటు చేయించండి.