ఒత్తుకు చోటెక్కడ? తెలుగు ఫాంటు గీసేవాళ్ల పని

అందరికీ నమస్కారం. తెలుగు ఫాంటు గీయమంటే డిజైన్ విద్యార్థుల్లో చాలామంది ‘అ’తో మొదలుపెడతారు. ముచ్చటైన అక్షరం, పోస్టరుకి బాగుంటుంది, కాదనను. కానీ పదం మొదట్లో తప్ప అది కనబడేది తక్కువ. దాని ఒంపులు మిగతా అక్షరాలకు పెద్దగా పనికిరావు. ర, వ, న, క, ల, త తీసుకోండి. వాటి ఒత్తులు కూడా అదే రోజు గీయండి. ఒత్తుల్ని చివరికి వాయిదా వేసినవాళ్లు సగం ఫాంటు మళ్లీ గీసుకోవాల్సి వస్తుంది. ఎందుకో చెబుతాను.

ఫాంటు గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరానికి ఇచ్చే చట్రం ఎత్తు సాధారణంగా 1000 యూనిట్లు. అక్షరం ఒంటికి 480 ఇచ్చారనుకుందాం. పైన గుడిదీర్ఘానికి 220, కింద ఒత్తుకు 300. లెక్క సరిపోయింది, సంతోషం. ఇప్పుడు ‘స్త్రీ’ రాయండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద త ఒత్తు. మరి ర ఒత్తు? కిందికి దించితే చట్రం దాటిపోతుంది. పక్కన పెడితే అక్షరం వెడల్పై పదంలో ఖాళీ కనబడుతుంది. రెంటినీ చిన్నవి చేస్తే 9 పాయింట్లలో మసకబారి చుక్కల్లా మిగులుతాయి. ఎక్కువ ఫాంట్లలో పనికొచ్చే దారి ఒకటుంది: త ఒత్తును కాస్త ఎడమకు జరిపి, ర ఒత్తును దాని కుడిపక్కన కొద్దిగా దిగువగా పెట్టడం. అలాంటి జంటల్ని విడి బొమ్మలుగానే గీసుకోవాలి. ప్రోగ్రాం తనంతట తాను పేరుస్తుందిలే అని వదిలేస్తే ‘రాష్ట్రం’ దగ్గరే పరువు పోతుంది.

ఒత్తును ఎలా చిన్నది చేయాలన్నది ఇంకో సంగతి. పెద్ద అక్షరాన్ని 60 శాతానికి కుదిస్తే గీత మందం కూడా అంతే కుదించుకుపోతుంది. 80 యూనిట్ల గీత 48కి పడిపోతుంది. పేజీ నిండా అక్షరాలు నల్లగా, ఒత్తులు వెలిసిపోయినట్టు కనబడతాయి. కుదించిన బొమ్మను పక్కన పెట్టుకుని, గీతను 66, 68 దగ్గరకు తెచ్చి మళ్లీ గీయాలి. అలా లావు చేసినప్పుడు లోపలి ఖాళీలు పూడుకుపోతాయి కాబట్టి ఒంపును కాస్త తెరవాలి. అన్ని ఒత్తులూ నేరుగా కిందికే వేలాడవు కూడా. య ఒత్తు పక్కకు సాగుతుంది, ప ఒత్తు కుడివైపు తన చోటు తాను తీసుకుంటుంది. అందుకే ఒక్క కొలతతో అన్నిటినీ కొలవడం కుదరదు.

తలకట్టు గురించి. క, త, న లాంటి వాటికి తలకట్టు ఉంటుంది. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి వాటికి విడిగా ఉండదు. ‘క’కి గుడి ఇచ్చి ‘కి’ చేస్తే తలకట్టు లేచిపోయి ఆ చోట గుడి కూర్చుంటుంది. కాబట్టి తలకట్టున్న ప్రతి అక్షరానికీ బోడి రూపం ఒకటి దాచిపెట్టుకోవాలి. గుడి ఎక్కడ అంటుకోవాలో ఆ బోడి రూపం మీద గుర్తు పెట్టాలి. ఆ గుర్తు 15 యూనిట్లు అటూ ఇటూ అయినా పెద్ద సైజులో గుడి గాల్లో తేలుతుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది ‘ప’, ‘వ’ దగ్గర. ‘ప’లో తలకట్టు ఒంటికి అంటదు, సన్నని సందు ఉంటుంది. ‘వ’లో అంటుకునే ఉంటుంది. బోల్డ్ రూపం చేసేటప్పుడు గీతలు లావెక్కి ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు ‘పాలు’ కాస్తా ‘వాలు’ అవుతుంది. పాల ప్యాకెట్ మీద అలా పడితే నవ్వుకోవచ్చు గానీ, మందు చీటీ మీద పడితే నవ్వు రాదు. బోల్డ్‌లో ఆ సందును మామూలు రూపంలో కన్నా వెడల్పు చేయండి, తలకట్టును పొట్టి చేయండి. తర్వాత సాదా కాగితం మీద 8 పాయింట్లలో ప్రింటు తీసి చూడండి. తెరమీద 400 శాతం పెంచి చూస్తే అన్ని ఫాంట్లూ బాగానే ఉంటాయి.

ఇక స్ఫూర్తి ఎక్కడినుంచి వస్తుందని అడుగుతుంటారు. మ్యూజియంలు మంచివే. కడప జిల్లా కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిది. ఆ రూపాలను చూస్తే మన గుండ్రదనం కాలంతో వచ్చిందేనని తెలుస్తుంది. అయితే ఆ అక్షరాలను ఉన్నవున్నట్టు తెచ్చి ఫాంటు చేస్తే ఈనాటి పాఠకుడు చదవలేడు. అంతకన్నా పనికొచ్చే బడి బస్టాండు. బ్రష్షుతో రాసిన బోర్డులు ఇంకా దొరుకుతాయి. అందం కోసం కాదు, ఒత్తు అడ్డొచ్చినప్పుడు పెయింటరు ఏం చేశాడో చూడటానికి వెళ్లండి. ‘శ్రీశైలం’ తీసుకోండి. శ్రీకి కింద ర ఒత్తు, పక్కనే శైకి కింద ఐత్వం తోక. రెండూ కొట్టుకుంటాయి. పెయింటరు ఒకదాన్ని పొట్టిచేస్తాడు, లేదా అక్షరాన్నే కాస్త పైకి ఎత్తేస్తాడు. ఫాంటుకు ఆ సొంత తెలివి ఉండదు, పక్కన ఏ అక్షరముంటే ఏ రూపం వాడాలో మనమే నియమంగా రాసిపెట్టాలి. చేతిరాత ఫాంట్లు చప్పగా తేలడానికి కారణం కూడా ఇదే. ‘అమ్మమ్మ’లో ‘మ్మ’ రెండుసార్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా పడితే అది చేతిరాత కాదని కన్ను పట్టేస్తుంది. ఎక్కువగా వాడే అక్షరాలకు రెండు, మూడు రూపాలు గీసి మార్చి మార్చి వేయాలి.

గీత పని ఒక పూట అయితే పరీక్షలు రెండు పూటలు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో, మన లిపుల్ని సరిగా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఎంపికను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులు బయటపడతాయి. తప్పు ఫాంటుదని తిట్లు మాత్రం మనకే. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు, ఉండాలి. లేకపోతే వ ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో ఈ నాన్ జాయినరే పడి తెర మీద కనబడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ సరిదిద్దింది. కాబట్టి పరీక్ష పాఠంలో వింత కూర్పులు కూడా ఉండాలి.

యాప్‌లు చేసేవాళ్లకు ఒక్క మాట. ఇంగ్లిషుకు కొలిచిన బటన్‌లో ‘రిజిస్ట్రేషన్’ పెడితే ‘స్ట్రే’ అడుగు తెగుతుంది. అక్షరం సైజు తగ్గించడం పరిష్కారం కాదు, 16 సైజు అక్షరానికి లైను ఎత్తు 25 దాకా ఇవ్వండి.

మీ ముందున్న గళ్ల కాగితం తీసుకోండి. అడ్డంగా నాలుగు గీతలు గీయండి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘శ్రీశైలం’, ‘రాష్ట్రం’ పక్కపక్కనే రాయండి. అన్నిటికన్నా కిందికి దిగింది ఏదో కొలవండి. మీ ఫాంటు అడుగు గీత అక్కడ పడుతుంది. ‘అ’ సంగతి మధ్యాహ్నం చూద్దాం.