వాకిట్లో పాచి: బ్లీచింగా, యాసిడ్డా, ప్రెషర్ వాషరా?

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక కనిపిస్తున్నది మా ఇంటి గేటు, దాని ముందు బండి ఎక్కించే సిమెంటు ర్యాంపు. కెమెరా కిందికి దించుతాను, చూడండి. ఈ నల్లగా అట్టకట్టినట్టు ఉన్నదంతా పాచి. ఎండగా ఉన్నప్పుడు దీని మీద నడిస్తే ఏమీ కాదు, కాలికి గరుగ్గానే తగులుతుంది. నాలుగు చినుకులు పడితే చాలు, జిగురైపోతుంది. తెల్లవారుజామున మంచు కురిసినా అంతే.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. జూన్‌లో మొదలైన తడి, అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా ఆరదు. సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చే వేళకి ప్రతి ఇంటి ముందూ పచ్చగా ఉంటుంది. ఆ తర్వాత ధనుర్మాసం. ఆడవాళ్ళు చీకటితో లేచి, ఇదే పాచి మీద నిలబడి ఊడ్చి, వంగి ముగ్గు పెడతారు. మా పెద్దమ్మ అలాగే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ వయసులో తుంటి విరిగితే ఇక మంచమే. అందుకే ఈ వీడియోని మామూలు క్లీనింగ్ వీడియోలా చూడకండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే తప్పకుండా చివరిదాకా చూడండి.

ర్యాంపు మీద సుద్దముక్కతో గీతలు గీశాను. ఒక్కో ముక్క మీద ఒక్కో పద్ధతి. పక్కన ఈ మెట్లు కడప బండలు, వాటి సంగతి కూడా వస్తుంది.

ముందుగా బ్లీచింగ్ పౌడర్. గంటస్తంభం దగ్గర ఏ షాపులో అడిగినా ఇస్తారు, కిలో వంద రూపాయల లోపే. కొనేటప్పుడు ఒక్కటి చూడండి. కొత్త పౌడర్ మూత తీయగానే ముక్కు అదిరే వాసన రావాలి, పొడి పొడిగా జారాలి. తేమ పట్టి ఉండకట్టి, వాసన చచ్చిపోయి ఉంటే అందులో క్లోరిన్ పోయినట్టే. మంచి సరుకులో 30 శాతం పైన క్లోరిన్ ఉంటుంది. అటక మీద పడున్న పోయినేటి డబ్బా తీసి చల్లి, "పని చెయ్యలేదమ్మా" అనేవాళ్ళు చాలామంది. ఆ డబ్బాలో మిగిలింది దాదాపు సున్నపు పిండే.

ఎలా వాడాలంటే, ముందు పాచిని పొడిగా ఉన్నప్పుడే గీకేయాలి. పాత తాపీ అయినా సరే, పొడుగు కర్రకి బిగించిన గట్టి నైలాన్ బ్రష్ అయినా సరే. పైన మందంగా ఉన్న పొర లేచిపోవాలి. మట్టి, ఆకులు ఊడ్చేయాలి. ఇది బద్ధకించకండి. క్లోరిన్‌కి ఎదురుగా ఏ మట్టి, ఏ కుళ్ళిన ఆకు ఉన్నా దాని మీదే ఖర్చైపోతుంది, అడుగున ఉన్న పాచి దాకా చేరదు. చాలామంది పౌడర్‌ని నేరుగా తడి పాచి మీద చల్లి వదిలేస్తారు. అలా చల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది, సగం గాలికి పోతుంది, మిగిలింది మన కళ్ళల్లో పడుతుంది.

నేను కలిపే లెక్క ఇది. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నీళ్ళకి 300 గ్రాముల పౌడర్. ఇది సుమారు ఒక శాతం క్లోరిన్ ద్రావణం అవుతుంది. ఇనప బకెట్, అల్యూమినియం గిన్నె వద్దు. కర్రతో కలిపి కాసేపు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు మొక్కలకి నీళ్ళు పోసే క్యాన్‌లోకి వంచుకుని సమానంగా పోయాలి. అప్పుడు తెల్ల మరకలు పడవు. పోశాక ఇరవై నిమిషాలు ఆ నేల తడిగానే ఉండాలి. అందుకే మిట్టమధ్యాహ్నం వద్దు, పోసింది పోసినట్టే ఆరిపోతుంది, పైగా ఎండకి క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది. సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి. ఇదిగో, ఈ ముక్క చూడండి. పచ్చదనం ముందు లేత గోధుమ రంగుకి తిరిగింది, తర్వాత తెల్లబడింది. ఇప్పుడు బ్రష్‌తో రుద్దితే ఇంత తేలిగ్గా వస్తోంది. చేత్తో తడిమి చూస్తున్నాను, జిగురు లేదు.

చేతికి రబ్బరు గ్లవుజులు, కళ్ళకి అద్దాలు, కాళ్ళకి మడమ దాకా మూసే చెప్పులు. పాత బట్టలు కట్టుకోండి, చుక్క పడిన చోటల్లా రంగు పోతుంది. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. తులసికోట, పూలమొక్కలు పక్కనే ఉంటే ముందు వాటి మొదట్లో మామూలు నీళ్ళు బాగా పోయండి. ఇంట్లో నుయ్యి ఉంటే కడిగిన నీళ్ళు అటు పోకుండా గట్టు కట్టండి. వాకిట్లోకి ఆవులు వచ్చే వీధి అయితే కడగడం పూర్తయ్యేదాకా గేటు దగ్గర ఒక మనిషి ఉండాలి.

మన వైపు వాళ్ళకి మరీ మరీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పేడ కళ్ళాపి చల్లిన రోజున, పశువుల మూత్రం పడిన చోట బ్లీచింగ్ పోయకండి. వాటిలో అమ్మోనియా ఉంటుంది, క్లోరిన్‌తో కలిస్తే గొంతు పట్టేసే ఘాటు వాయువు వస్తుంది. ముందు శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, మర్నాడు పోయండి.

ఇక యాసిడ్. బాత్రూం కడగడానికి సీసాల్లో అమ్ముతారే, అది. ఈ ముక్క మీద పోస్తున్నాను, వినండి... బుస్సుమని నురగ. పాచి వెంటనే విడిపోతోంది. చూడ్డానికి అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే, అందుకే జనం దీనికి పడిపోతారు. కానీ ఆ నురగ పాచిది కాదండీ, సిమెంటుది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సిమెంటులో సున్నాన్ని కరిగిస్తుంటే బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. కడిగాక వేలితో రాస్తే ఇసుక చేతికొస్తోంది, చూశారా? పైపొర పోయింది. చిన్న చిన్న గుంటలు పడ్డాయి. వచ్చే వానకి ఆ గుంటల్లోనే నీళ్ళు నిలుస్తాయి, ఇంతకంటే చిక్కగా పాచి పడుతుంది. మళ్ళీ యాసిడ్, మళ్ళీ గుంటలు. కొన్నేళ్ళకి కంకర బయటపడుతుంది.

కడప బండల మీద అయితే ఇంకా అన్యాయం. కడప రాయి సున్నపురాయి జాతిది. యాసిడ్ పడితే నున్నటి నలుపు పోయి తెల్లటి మచ్చలు పడతాయి, మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. టెక్కలి వైపు నీలం గ్రానైట్ మెట్లు వేయించుకున్నవాళ్ళకి రాయి తట్టుకోవచ్చు, రాళ్ళ మధ్య సిమెంటు మాత్రం తట్టుకోదు. గేటు అడుగు ఇనుము ఆ ఆవిరికే తుప్పు పడుతుంది. నా మాట ఒక్కటే, ర్యాంపు మీద యాసిడ్ వద్దు.

ఇంకో మాట, దయచేసి శ్రద్ధగా వినండి. బ్లీచింగ్ పోసి, "ఇంకా పోలేదు" అని దాని మీదే యాసిడ్ పోసేవాళ్ళున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. కింద వంగి రుద్దుతున్న మనిషి ముఖానికే అది తగులుతుంది, ఎందుకంటే గాలి కంటే బరువు, నేలనంటే ఉంటుంది. పనమ్మాయితో చేయిస్తుంటే ఆమెకీ ఈ సంగతి చెప్పండి. ఒక సీసా ఇంట్లో ఉన్నప్పుడు రెండోది ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ప్రెషర్ వాషర్‌కి, అంటే నీళ్ళని గట్టి ఒత్తిడితో చిమ్మే మెషిన్‌కి వద్దాం. ఇళ్ళకి అమ్మే మెషిన్లు ఆరు వేల నుంచి పది వేల మధ్య దొరుకుతున్నాయి. 1,500 వాట్ల అటూ ఇటూ మోటారు, పెట్టె మీద నీటి ఒత్తిడి 100 నుంచి 130 బార్ అని రాసి ఉంటుంది. పని మాత్రం చాలా వేగం. ఈ గీత మేర చూడండి, పలక మీద తడిగుడ్డతో తుడిచినట్టు పోతోంది. నడుం వంచక్కర్లేదు, మందు వాసన లేదు.

ఇబ్బందులు కూడా వినండి. నిమిషానికి ఆరేడు లీటర్ల నీళ్ళు తాగుతుంది. మున్సిపల్ కుళాయి వచ్చే టైమ్ మీద ఆధారపడే ఇళ్ళకి ఇది చిన్న విషయం కాదు. బకెట్లోంచి, డ్రమ్ములోంచి నీళ్ళు పీల్చుకునే మోడలా కాదా అని అడిగి మరీ కొనండి. మేడ మీద ట్యాంకు నుంచి సన్నటి పైపుతో ఇస్తే కొన్ని మెషిన్లు అరుస్తాయి తప్ప చిమ్మవు. కరెంటు సంగతి మరీ ముఖ్యం. తడి నేల మీద నిలబడి చేసే పని కదా, ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, లేకపోతే ఈ మెషిన్ కొనకముందే అది పెట్టించండి. అతుకుల ఎక్స్‌టెన్షన్ వైరు అస్సలు వద్దు.

సూదిలా చిమ్మే నాజిల్ పెట్టకండి, సిమెంటునే చెక్కేస్తుంది. విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, జానెడు ఎత్తులో పట్టుకోండి. ఇంటర్‌లాక్ టైల్స్ వేసుకున్నవాళ్ళయితే కీళ్ళలో ఇసుక లేచిపోతుంది, తర్వాత మళ్ళీ నింపాలి. ఇంకో లోటు ఏంటంటే, నీటి దెబ్బ పాచిని పైనుంచి ఊడగొడుతుందే గానీ సందుల్లో ఉన్నదాన్ని చంపదు. అందుకే ఉత్త నీళ్ళతో కొట్టి వదిలేసిన నేల తొందరగా పచ్చబడుతుంది. పెద్ద వాకిలి ఉన్నవాళ్ళు దీంతో కొట్టి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్ళు పోస్తే బాగుంటుంది. చిన్న ర్యాంపుకి ఇంత ఖర్చు అనవసరం, బ్రష్ చాలు.

ఆన్‌లైన్‌లో పాచి స్ప్రేలు వస్తున్నాయి. వెనక లేబుల్ మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే అది నెమ్మదిగా పనిచేసే రకం. కొట్టి వదిలేయాలి, రోజులు గడిచేకొద్దీ పాచి చచ్చి ఊడుతుంది. కొట్టాక వాన పడకూడదు, నీళ్ళు చెరువులోకి పోకూడదు, చేపలకి హాని. ఖరీదు ఎక్కువే గానీ, కడప మెట్లకీ రంగు టైల్స్‌కీ నేను దీన్నే ఎంచుకుంటాను. మైలుతుత్తం పోయమని చెప్పే రైతులున్నారు. పాచిని చంపుతుంది, నిజమే. సిమెంటు మీద నీలి మరకలు మిగులుతాయి, ఆ నీరు కాలువలో కలిస్తే చేపలు పోతాయి. వద్దు. వంటసోడా, వెనిగర్‌ల మీద మీ సాయంత్రం వృథా చేసుకోకండి.

మా పక్కింటి మాస్టారు ఒక మంచి ప్రశ్న అడిగారు. "అమెరికాలో మావాడు ఇంటి ముందు ఐస్ మీద ఉప్పు చల్లుతాడమ్మా, మనమూ చల్లితే పోదా?" అక్కడ ఉప్పు చేసే పని వేరు. ఉప్పు కలిసిన నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, అందుకని ఐస్ కరుగుతుంది, నేలని పట్టుకున్న పట్టు వదులుతుంది. మైనస్ తొమ్మిది, పది దాకా కల్లుప్పు పనికొస్తుంది, అంతకంటే చలి అయితే కాల్షియం క్లోరైడ్ చల్లుకుంటారు. అది కూడా ముందు పారతో మంచు ఎత్తేశాకే. మనకి కరిగించాల్సిన ఐస్ లేదు. చిక్కగా పోస్తే ఉప్పు కొంత పాచిని చంపుతుంది, కానీ తర్వాతి వానకే కొట్టుకుపోతుంది. ర్యాంపులో ఇనప చువ్వలుంటే ఆ ఉప్పు లోపలికి దిగి తుప్పు పట్టిస్తుంది. అక్కడా కాంక్రీటు వాకిళ్ళకి ఉప్పుతో ఇదే బాధ.

వాళ్ళ దగ్గర మనం తీసుకోదగ్గది ఇసుక. ఐస్ కరగనప్పుడు జారకుండా ఇసుక చల్లుతారు. రాత్రి వాన పడింది, పొద్దున్నే పెద్దాయన బయటికి వెళ్ళాలి, కడిగే టైము లేదు. అప్పుడు ర్యాంపు మీద నడిచే దారి మేర పొడి ఇసుక చల్లండి. పాదానికి పట్టు దొరుకుతుంది. ఎండ వచ్చాక ఊడ్చేసి పాచి పని పట్టండి. గేటు పక్కన ఒక మూత డబ్బాలో ఇసుక పెట్టుకోవడానికి ఖర్చేముంది?

పాచి మళ్ళీ రాకుండా ఉండాలంటే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. మా ఇంట్లో రెండు చోట్లే తిరిగి తిరిగి పడుతోంది. ఏసీ పైపు చుక్క కారే చోట, మేడ మీద ట్యాంకు నిండి పొర్లే గొట్టం కింద. పైపుని కుండీలోకి మళ్ళించాను, ట్యాంకుకి ఫ్లోట్ వాల్వు పెట్టించాను. చూరు నీళ్ళు ర్యాంపు మీదే పడుతుంటే రేకు తూము పెట్టించండి. మామిడి కొమ్మ నీడ పడితే ఆ కొమ్మ కొంచెం కొట్టించండి, ఎండ తగిలిన నేల మీద పాచి నిలవదు.

కొత్తగా ర్యాంపు పోయించేవాళ్ళు మేస్త్రీతో ముందే మాట్లాడండి. మేస్త్రీలకి నున్నగా తీయడమే పనితనం. వద్దు బాబూ అని చెప్పి, సిమెంటు పచ్చిగా ఉండగానే ఈనెల చీపురుతో అడ్డంగా గీతలు గీయించండి. వాలుకి అడ్డంగా ఉండాలి, అప్పుడే కాలు ఆగుతుంది. ఒక పక్కన చేత్తో పట్టుకోవడానికి పైపు పెట్టించండి. పాత ర్యాంపు అయితే కట్టర్‌తో గాళ్ళు కొట్టించుకోవచ్చు, గాళ్ళలో మట్టి చేరకుండా మాత్రం ఊడుస్తూ ఉండాలి.

ఇంటర్‌లాక్ టైల్స్ కీళ్ళలో పాచి గురించి విడిగా వీడియో చేస్తాను. మీరు ఈ ఆదివారం బ్లీచింగ్ పని పెట్టుకుంటే, కడిగాక నేల పూర్తిగా ఆరేదాకా అమ్మనీ నాన్ననీ ఆ వైపు రానివ్వకండి. ఉంటాను, నమస్కారం.