రంగులు తర్వాత, ముందు ఇన్‌స్టాల్ పేజీ చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే గానీ, నాకున్న సమయం తక్కువ. అందరికీ కలిపి ఒకటే దండం.

"డాక్యుమెంటేషన్ సైటును, అంటే సాఫ్ట్‌వేర్ వాడకాన్ని వివరించే సైటును, నచ్చినట్టు మలచుకోవడం ఎలా" అన్నది నాకిచ్చిన అంశం. చెబుతాను. కానీ దీని మీద నాకు పాత కడుపుమంట ఒకటుంది. మధ్యలో అదీ బయటికొస్తుంది, భరించాలి మరి.

ఇలాంటి సైట్లు తయారుచేసే పనిముట్ల సంగతి గబగబా చెప్పేస్తాను. పైథాన్ భాషలో రాసేవాళ్లకు స్ఫింక్స్ ఉంది. పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసమే పుట్టి, 2008లో బయటికొచ్చింది. కోడ్‌లో మీరు రాసుకున్న డాక్‌స్ట్రింగులను, అంటే కోడ్ ఏం చేస్తుందో చెప్పే వివరణలను, అందులోని ఆటోడాక్ అనే భాగం తీసుకొచ్చి పేజీలో పేరుస్తుంది. మార్క్‌డౌన్, అంటే చిన్న చిన్న గుర్తులతో రాసే పద్ధతి, అలవాటైన వాళ్లకు ఎంకేడాక్స్: ఒక యామల్ (సెట్టింగుల) ఫైలు, ఒక డాక్స్ ఫోల్డరు ఉంటే సైటు లేచి కూర్చుంటుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ తెలిసిన వాళ్లకు డాక్యుసారస్. వీటిలో ఏది గొప్పదని నన్ను అడక్కండి. మీ టీము దేంట్లో విసుక్కోకుండా రాస్తుందో అదే గొప్పది.

ఇక మలచుకోవడం. థీమ్, అంటే సైటు మొత్తం రూపురేఖలు, మార్చాలంటే సెట్టింగుల ఫైలులో ఒక్క లైను చాలు. రంగులు, అక్షరాల సైజు మార్చాలంటే పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ ఫైలు ఒకటి, మీదైనది, చిన్నది రాసి, దాని పేరు సెట్టింగుల్లో చేర్చండి. నూటికి తొంభై మందికి పని ఇక్కడితో అయిపోవాలి. అవదు. ఎందుకంటే చేతులు ఊరుకోవు.

నేను పనిచేసిన ఒకచోట, పేరు వద్దులెండి, లోగో పక్కన ఒక లింకు పెట్టాల్సి వచ్చింది. అంతే పని. ఒకాయన థీమ్‌లోని లేఅవుట్ ఫైలు, అంటే పేజీ చట్రం, మొత్తం ఎత్తి మా ఫోల్డర్‌లో కాపీ కొట్టి, అందులో ఆ లింకు ఇరికించాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! ఆ రోజు అందరూ భలే అన్నారు. కొన్నాళ్లకు థీమ్ కొత్త వర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేశారు, బిల్డు, అంటే సైటును తయారుచేసే పని, నిక్షేపంగా పాసైంది. పేజీ మీద సెర్చ్ పెట్టె ఉంది, కానీ అందులో ఏం టైపు చేసినా ఒక్క ఫలితం రాదు. కొత్త థీమ్ స్క్రిప్టు ఫైళ్ల పేర్లు మార్చుకుంది, మా పాత కాపీ మాత్రం ఇంకా పాత పేర్లనే పిలుస్తోంది.

సెర్చ్ పోయింది మహాప్రభో అంటే, మీటింగులో చర్చ దేని మీద జరిగిందో తెలుసా? డార్క్ మోడ్‌లో నీలం ఎంత ముదురుగా ఉండాలని! అదే వారం మా ఇన్‌స్టాల్ పేజీ ఎప్పుడో తీసేసిన కమాండునే కొట్టమని చెబుతోంది. కొత్తవాడు కొడతాడు, ఎర్రర్ వస్తుంది, వెళ్లిపోతాడు. వాడికి నీలంతో పనేమిటండీ?

సరైన దారి చాలా చిన్నది. స్ఫింక్స్‌లో అయితే టెంప్లేట్ల ఫోల్డర్‌లో మీ లేఅవుట్ ఫైలు పెట్టుకుని, మొదటి లైనులోనే అసలు లేఅవుట్‌ను ఎక్స్‌టెండ్ చేయండి, అంటే దాని మీదే మీది కట్టుకోండి. ఆ లైనులో అసలు లేఅవుట్ పేరు ముందు ఆశ్చర్యార్థకం గుర్తు మరవద్దు. అది ఉంటేనే థీమ్ ఫైలు దగ్గరికి వెళ్తుంది, లేకపోతే మీ ఫైలు తనను తానే పిలుచుకుంటూ కూర్చుంటుంది. తర్వాత మీకు కావలసిన బ్లాకు, అంటే లేఅవుట్‌లో పేరున్న ఒక ముక్క, ఒక్కటే తిరగరాయండి. ఎంకేడాక్స్‌లోనూ దారి ఇదే, కస్టమ్ ఫోల్డరు పెట్టుకుని బేస్ ఫైలును ఎక్స్‌టెండ్ చేయడమే. మళ్లీ చెబుతున్నాను, ఫైలు మొత్తం కాపీ కొట్టకండి. బ్లాకు ఒక్కటే!

వెనక వరసలో ఫోను చూసుకుంటున్నవారు, అవును మీరే, ఆ ఫోనులోనే మీ ప్రాజెక్టు డాక్స్ తెరవండి. పెద్ద టేబులున్న పేజీ చూడండి. పక్కకు జారి తెర దాటిపోయిందా? థీమ్ మార్చినవాళ్లు పెద్ద మానిటర్ మీద తప్ప చూసుకోలేదన్నమాట.

టైమైపోతోందని సైగ చేస్తున్నారు. ఇంకొక్కటి. బిల్డు పాసైతే చాలనుకోకండి. బిల్డు కమాండుకు స్ఫింక్స్‌లో డ్యాష్ క్యాపిటల్ డబ్ల్యూ, ఎంకేడాక్స్‌లో స్ట్రిక్ట్ అనే ఆప్షన్ పెడితే వార్నింగు వచ్చినా బిల్డు ఫెయిలవుతుంది. లేని పేజీకి లింకిస్తే అక్కడే దొరికిపోతారు. స్ఫింక్స్‌లోని లింక్‌చెక్ బయటి లింకులను కూడా తట్టి చూస్తుంది. ప్రతి పుల్ రిక్వెస్టుకూ, అంటే మార్పును కలపమని ఎవరు అడిగినా, ఈ తనిఖీ నడవాలి. పేజీ పేరు మార్చారా, పాత అడ్రసు నుంచి రీడైరెక్ట్ పెట్టండి.

ఇవన్నీ చేసినా ఇన్‌స్టాల్ పేజీలోని వాక్యం తప్పని ఏ టూలూ చెప్పదు. మీ టీములో కొత్తగా చేరినవారికి ఖాళీ మెషీన్ ఇచ్చి, ఆ పేజీ చూసి ఇన్‌స్టాల్ చేయమనండి. మీరు పక్కనే కూర్చోండి, నోరు మాత్రం మెదపకండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడి వాక్యం ఆ రోజే తిరగరాయండి. రంగుల మీటింగు వచ్చే నెలకు వాయిదా వేసినా ఎవరూ ఏమీ అనుకోరు.